నలభై ఒక్క తప్పులు

పోయిన వారం మనం చిన్నమ్మాయిని మ్యూజియం మెట్ల మీద, చేతిలో ఒక కవరుతో నిలబెట్టి ఎవరి పనుల్లో వాళ్లం పడిపోయాం. పాపం, ఆమె ఇంకా ఆ కవరే పట్టుకుని ఉంది. అందులో సంగతి గుర్తుందిగా? పది నెలల క్రితం పోయిన నాన్న తీసిన నూట ఇరవై పక్షుల ఫోటోలతో మ్యూజియంలో ఒక గది సిద్ధమవుతోంది. తలుపు మీద ఆయన పేరు పెడతామన్నారు. అంతలో ఆ ఫోటోలు పరిశీలించిన పక్షుల ప్రొఫెసర్ రెండు పేజీల రిపోర్టు రాసిపెట్టాడు. నలభై ఒక్క ఫోటోల వెనక రాసిన ఊళ్లు తప్పట. ఆ పక్షులు ఆ చోట్ల ఏనాడూ లేవట. అసలవి అడవిలో తీసినవో, పంజరంలో పెట్టి తీసినవో కూడా చెప్పలేమట. గురువారం పదకొండు గంటలకు సరైన జవాబు రాకపోతే తలుపు మీద పేరు ఉండదు. ఇదంతా చదివి చిన్నమ్మాయి ఇంటికి ఫోన్ చేస్తే, అమ్మ తాపీగా ఒకే మాట అంది. "ఫోటోల వెనక రాత మీ నాన్నది కాదే, నాది. నేనూ వస్తా."

గురువారం రానే వచ్చింది. చిన్నమ్మాయి తన కళ్లజోళ్ల షాపు అద్దానికి "ఈ పూట మూత" అన్న అట్ట తగిలించి, అమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

"అమ్మా, ఇప్పుడైనా చెప్పు. ఏం రాశావు? ఎందుకు రాశావు?"

"అక్కడ చెప్తాగా. ఒకే సంగతి రెండుసార్లు చెప్పే ఓపిక నాకు లేదు."

"వాళ్ల ముందు నేను తెల్లమొహం వేసుకుని కూర్చోవాలా?"

"ఆ మొహం నీకు బాగానే ఉంటుంది. మీ నాన్న ఎన్ని ఫోటోలు తీయలేదూ!"

కోపం రావలసిన చోట చిన్నమ్మాయికి నవ్వొచ్చింది. అమ్మ అన్నది నిజమే మరి. ఆ ఇంట్లో కెమెరా వైపు చూసి నవ్విన ఫోటో ఒక్కటీ లేదు. నాన్న పిల్లల్ని కూడా పక్షుల్ని తీసినట్టే తీసేవాడు. కర్టెన్ వెనకో, బీరువా పక్కనో, తలుపు సందులోనో ఊపిరి బిగబట్టి నిలబడి, తానక్కడున్న సంగతి వాళ్లు మర్చిపోయేదాకా ఆగేవాడు. అందుకే ఆల్బం నిండా ముక్కులో వేలు పెట్టుకున్న అన్నయ్య, చెప్పు తెగి ఏడుస్తున్న చిన్నమ్మాయి, ఇద్దరినీ తిట్టబోతూ నోరు తెరిచిన అమ్మ. పెళ్లిళ్లలో ఫోటోలు తీస్తానంటే చుట్టాలు ఆయన్ని దండం పెట్టి కూర్చోబెట్టేవాళ్లు. పిల్లల సంగతులు కూడా పక్షుల నోటుపుస్తకంలోనే ఎక్కేవి. "చిన్నది. ఉదయం ఏడున్నర. స్కూలుకి పోనని మొండికేసింది. వెలుతురు బాగుంది," అని ఒక చోట ఉంది. ఆ పేజీని చిన్నమ్మాయి ఎన్నిసార్లు చదువుకుందో లెక్కలేదు.

ఇంతా చేసి ఆయన పోస్టాఫీసు మనిషి. ఉత్తరాలను ఊళ్లవారీగా వేరుచేసి గళ్లలో వేసే ఉద్యోగం. ముప్పై ఏళ్లలో ఒక్క ఉత్తరం తప్పు ఊరికి పంపలేదని రిటైరైన రోజు పోస్టుమాస్టరు మైకులో చెప్పాడు. సెలవులన్నీ కొంగలకూ బాతులకూ ఇచ్చేసేవాడని అందరూ అనేవాళ్లు గానీ, అమ్మకు ఆపరేషన్ అయిన ఏడాది, వలస పక్షులు వచ్చే రెండు నెలలూ ఆయన గడప దాటలేదు. అన్నం వండాడు, మాత్రలు వేశాడు, ఖాళీ దొరికితే వంటింటి కిటికీ మీద వాలే కాకినే తీశాడు. ఆ కాకి ఇప్పుడు మూడు దేశాల పుస్తకాల్లో ఉంది. అలాంటి మనిషిని పంజరంలో పక్షుల్ని పెట్టి ఫోటోలు తీశాడంటారా అని చిన్నమ్మాయి ఒళ్లు మండిపోతోంది. బస్సు దిగేసరికి ఆ మంట ఇంకా పెరిగింది.

మ్యూజియం వెనక భాగంలో ఫోటోలకు ఫ్రేములు కట్టే గది. జిగురు వాసన, కొయ్యపొట్టు వాసన. పొడవాటి బల్ల మీద నలభై ఒక్క ఫోటోలనూ బోర్లా పరిచారు. బొమ్మలన్నీ కిందికి, రాతలన్నీ పైకి. బల్లకు ఒక చివర మ్యూజియం అధికారిణి కూర్చుంది, మర్యాదస్తురాలే గానీ మాటిమాటికీ గడియారం చూసే మనిషి. రెండో చివర ప్రొఫెసర్. సన్నగా, అరవై ఏళ్లవాడు, మెడలో తాడుకు భూతద్దం. అమ్మను చూడగానే లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నాకు ఆయన మీద వ్యక్తిగతంగా ఏ కోపమూ లేదు," అన్నాడు. ఉందని మొహమే చెబుతోంది.

అమ్మ బల్ల చుట్టూ నెమ్మదిగా తిరిగి, ఒక్కో రాతా చదువుకుంది. "అప్పట్లో నా రాత ఎంత గుండ్రంగా ఉండేదో చూశావటే!" అని కూతురి వైపు తిరిగి మురిసిపోయింది. చిన్నమ్మాయికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇవి తప్పులని మీకు తెలుసా అమ్మా?" అన్నాడు ప్రొఫెసర్.

"తప్పులేంటి బాబూ, అబద్ధాలు. తప్పు పొరపాటున చేస్తాం. ఇవి ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించి ఆడినవి."

అధికారిణి చేతిలో పెన్ను ఆగిపోయింది. చిన్నమ్మాయి రెండు నిమిషాల కిందట ఆ ప్రొఫెసర్‌తో పోట్లాడటానికి వచ్చిన మనిషి, ఇప్పుడు అమ్మ నోరు ఎలా మూయించాలా అని చూస్తోంది. అమ్మ మాత్రం కుర్చీ లాక్కుని, మంచినీళ్లు తాగి మొదలుపెట్టింది.

"పెళ్లయిన కొత్తలో ఆయన ఫోటో మొదటిసారి ఒక వారపత్రికలో వచ్చింది. గూడు మీద కొంగ. కింద ఊరి పేరు, చెరువు పేరు, ఏ గట్టు మీద చెట్టో కూడా వేశారు. మేం పది కాపీలు కొని అందరికీ పంచాం. మరుసటి నెల ఆయన మళ్లీ అక్కడికెళ్లారు. వలలు పట్టుకుని ఎవరెవరో వచ్చి వెళ్లారట. కొంగ పిల్లల్ని సంచుల్లో వేసుకుపోయారు. గుడ్లు కూడా వదల్లేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చున్నారు. 'దారి చూపించింది నేనేనే, చిరునామా రాసి మరీ పంపాను,' అన్నారు. అంతే. మామూలు పక్షులకు నిజం ఊళ్లే రాశాం. పోతే మళ్లీ రావు అనుకున్నవాటికి మాత్రం అప్పట్నుంచీ ఒక్క సరైన ఊరూ రాయలేదు. ఆయన రాత ఆయనకే అర్థం కాదు కాబట్టి రాసింది నేను."

చిన్నమ్మాయికి అప్పుడు వెలిగింది. ఊళ్ల ఆట! రాత్రి భోజనాలయ్యాక, కంచాలు తీసేసిన బల్ల మీద నాన్న పాత అట్లాసు పరిచేవాడు. కడిగిన ఫోటో ఒకటి చూపించి, "ఈ చుట్టాన్ని ఏ ఊరికి పంపిద్దాం?" అనేవాడు. రోజుకొకరి వంతు. అన్నయ్య ఎప్పుడూ రైలు జంక్షన్లకే పంపేవాడు. అమ్మ తనకు గిట్టని ఆడపడుచు ఉండే ఊరికి పంపేది. నాన్న పడీపడీ నవ్వి, "సరే, రాయి," అనేవాడు. ప్రతి ఇంట్లోనూ పిల్లలు ఇదే ఆట ఆడతారని చిన్నమ్మాయి చాలా ఏళ్లు అనుకుంది.

ప్రొఫెసర్ బల్ల మీంచి ఒక ఫోటో తీసి తిరగేశాడు. చెట్టు కొమ్మ మీద పొడవాటి కాళ్ల బూడిదరంగు కొంగ, కళ్ల చుట్టూ పచ్చటి వలయాలు. కళ్లజోడు పెట్టుకున్నట్టే ఉండేదని ఇంట్లో దాన్ని మాస్టారు అనేవాళ్లు.

"దీని వెనక 'ఉత్తరపు చిత్తడి నేలలు' అని రాశారు," అన్నాడు. గొంతు కొంచెం మారింది. "అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఈ ఫోటో చూసి, నా పరిశోధన ఈ కొంగ మీదే అని మా గురువుగారితో పందెం కాసినట్టు చెప్పా. రెండు వానాకాలాలు అమ్మా. రెండు! మోకాలి లోతు బురద, ఒంటి నిండా జలగలు, జ్వరాలు. ఒక్క కొంగ కనబడితే ఒట్టు. మా గురువుగారు నవ్వారు. పరిశోధన వదిలేసి మూడేళ్లు బడిపిల్లలకు లెక్కలు చెప్పుకున్నా. నేను సరిగ్గా చూడలేదా, నాకు చూడటమే రాదా అని ఇవాళ్టికీ తేలలేదు."

చిన్నమ్మాయి ఆ ఫోటో వెనక రాత వైపే చూస్తోంది. ఉత్తరపు చిత్తడి నేలలు. అట్లాసులో ముప్పై రెండో పేజీ, ఎడమ వైపు. మాట్లాడకుండా ఊరుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ ఊరుకోలేకపోయింది.

"అది... ఆ ఊరు పెట్టింది నేనండీ."

"మీరా?" ప్రొఫెసర్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "అప్పుడు మీ వయసెంత?"

"ఏడు."

"ఏ ఆధారంతో పెట్టారు?" ఎంతైనా ప్రొఫెసర్ కదా, అడక్కుండా ఉండలేకపోయాడు.

"మ్యాపులో అక్కడ నీలం రంగు బాగుంది."

అధికారిణి దగ్గు వచ్చినట్టు నటించి మొహం పక్కకు తిప్పుకుంది. ప్రొఫెసర్ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని చిన్నమ్మాయి హడలిపోయింది. ఆయన నవ్వుతున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నీలం రంగు! ముప్పై ఎనిమిదేళ్లు! ఏడేళ్ల పిల్ల!" అని మళ్లీ మళ్లీ నవ్వాడు. నవ్వు ఆగాక నెమ్మదిగా అడిగాడు.

"నేను వెతుకుతున్నానని ఆయనకు తెలుసా?"

"తెలుసు," అంది అమ్మ. "మీరు రెండు ఉత్తరాలు రాశారు. రెండిటికీ ఆయన జవాబు రాశారు, రెండూ చించేశారు. నిజం రాస్తే ఆ కొంగ పోతుందని భయం. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. పరాయివాళ్ల ఉత్తరాలన్నీ చేర్చిన మనిషి మీకు మాత్రం జవాబు ఇవ్వలేకపోయానని చివరిదాకా బాధపడ్డారు. ఆయన సిగ్గుపడ్డ పని నాకు తెలిసి అదొక్కటే. ఆయన తరఫున నేను అడుగుతున్నా, మనసులో పెట్టుకోకండి."

ప్రొఫెసర్ మొహంలో కోపం ఎటు పోయిందో పోయింది. తల వంచుకుని బల్ల మీది ఫోటోను వేలితో సరిచేశాడు. కానీ ఆయన పని ఆయనకుంది.

"నా మనసు సంగతి వదిలేయండమ్మా. ఇవి పంజరంలో తీసినవి కావని కమిటీకి చూపించాలి. ఒక్క నిజమైన ఊరు చెప్పండి చాలు. నేనే వెళ్లి చూసొస్తా. మూడో కంటికి తెలియనివ్వను. రిపోర్టు వెనక్కి తీసుకుంటా, పేరు తలుపు మీదే ఉంటుంది."

"తెలియనివ్వకుండా కుదరదు సార్," అంది అధికారిణి, ఇబ్బందిగానే. "రికార్డులో ఊరు రాయాలి. రికార్డు ఎవరు అడిగినా చూపించాలి."

ముగ్గురూ చిన్నమ్మాయి వైపు చూశారు. ఫోటోలు మ్యూజియానికి ఇచ్చిన కాగితం మీద సంతకం ఆమెది. నిర్ణయం కూడా ఆమెదే. తలుపుకు బిగించబోయే ఇత్తడి పలకను ఆమె లోపలికి వస్తూ చూసింది. నాన్న పేరు చెక్కి, కాగితంలో చుట్టి, గోడకు ఆనించి పెట్టారు. అన్నయ్య పిల్లలు బడిలో అందరికీ చెప్పుకున్నారు. ఒక్క ఊరి పేరు చాలు. అమ్మ మోకాలి మీద చెయ్యి వేసి అడిగితే చెప్పేస్తుందేమో కూడా.

"ఊరు నాకు తెలియదండీ," అంది చిన్నమ్మాయి. "తెలిసినా చెప్పను. అమ్మ చెప్పబోయినా చెప్పనివ్వను. పేరు తీసేస్తారా, తీసేయండి. తలుపు మీద లేనంత మాత్రాన మా నాన్నకు తక్కువైపోయేదేం లేదు. ఆయన ఎలాంటివాడో మాకు తెలుసు, ఇవాళ మీకూ తెలిసింది. ఆ కొంగకు ఉన్నది ఆ చెట్టొక్కటే."

నాన్న కూతురినని ఆమెకు అంత గట్టిగా అంతకు ముందెప్పుడూ అనిపించలేదు. అమ్మ ఆమెనే చూస్తోంది. ఆ చూపులో పొంగు దాచుకోవాలని కూడా అమ్మ ప్రయత్నించలేదు.

"ఊరు చెప్పం," అంది అమ్మ. "ఫోటో చూపించకూడదని మాత్రం ఆయన అనలేదు." చేతిసంచీలోంచి ఒక కొత్త ఫోటో తీసి ప్రొఫెసర్ ముందు పెట్టింది.

ప్రొఫెసర్ భూతద్దం ఎత్తాడు. పాత ఫోటోను పక్కన పెట్టుకుని ఇటూ అటూ చూశాడు. అదే చెట్టు. బెరడులో అదే బొడిపె, అదే వంకర కొమ్మ, కాకపోతే కొంచెం లావెక్కింది. కొమ్మ మీద గూడు. గూట్లో పచ్చటి కళ్లజోడు పెట్టుకున్న కొంగ, పక్కన రెండు పిల్లలు, ఇంకా కళ్లజోళ్లు రానివి. మూల మీద తేదీ కిందటి నెలది.

"ఉంది," అన్నాడు ప్రొఫెసర్, గుసగుసగా. ఇరవై రెండేళ్ల కుర్రాడి గొంతులా ఉంది ఆ గొంతు. "ఉందమ్మా. నిజంగా ఉంది." అంతలో తేదీ మళ్లీ చూశాడు. "కానీ ఆయన పోయి పది నెలలైందిగా. ఇది తీసిందెవరు?"

"ఇంకెవరు? నేనే."

చిన్నమ్మాయి కుర్చీలోంచి సగం లేచింది. "నువ్వా? పెద్దమ్మ ఇంటికి వెళ్తున్నానని చెప్పి...?"

"పెద్దమ్మకు చెప్పే వెళ్లా. కిందటేడు ఆయన చెయ్యి వణుకుతోందని కెమెరా నాకిచ్చారు. 'బటన్ నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టు, అంతే,' అన్నారు. యాభై ఏళ్లు ఆ మనిషితో కాపురం చేశాను, ఊపిరి బిగబట్టడం నాకు కొత్తా?"

ఈసారి అధికారిణి దగ్గు నటించలేదు, హాయిగా నవ్వేసింది. ప్రొఫెసర్ తన రిపోర్టు ముందుకు లాక్కుని, పంజరం మాటలున్న పేరాను అడ్డంగా కొట్టేశాడు. మార్జిన్‌లో నెమ్మదిగా రాశాడు. "అన్నీ అడవిలో తీసినవే. స్థలాలు కుటుంబం చెప్పదు. చెప్పకపోవడమే సరి." కింద సంతకం పెట్టి కాగితం అధికారిణికి అందించాడు.

"ఇది సరిపోతుందా?"

"సరిపోతుంది సార్. పేరు ఉంటుంది." ఆమె అటెండర్‌ను పిలిచి, ఇత్తడి పలక బిగించే మనిషిని రమ్మంది.

చిన్నమ్మాయి ఏడ్చేసింది. దాచుకోలేదు, దాచుకోవాలనీ అనుకోలేదు. కాసేపటికి గోడ అవతల డ్రిల్లింగ్ మెషిన్ మోత మొదలైంది. ఆ మోత ఆమెకు అంత తియ్యగా ఉంటుందని ఎవరూ అనుకోరు. అమ్మ మాత్రం బింకంగా కూర్చుని, నా ఫోటో గురించి ఎవరూ ఏమీ అనరేం అన్నట్టు చూస్తోంది.

ఆ చూపు కనిపెట్టి చిన్నమ్మాయి కళ్లు తుడుచుకుంది. ప్రొఫెసర్ దగ్గర భూతద్దం అడిగి తీసుకుని ఫోటో మీద వంగింది. రోజూ అద్దాల మీద గీతలు వెతికే కళ్లు ఆమెవి. కొంగ కన్ను చూసింది, పదునుగా వచ్చింది. పిల్లల నూగు ఈకలు, చెట్టు బెరడు, కింద పొడుగాటి గడ్డి. అద్దాన్ని అంచు దాకా జరిపి ఆగిపోయింది.

"అమ్మా, గడ్డిలో ఈ తెల్లటిదేంటి?"

"ఏమో, రాయేమో. నా చూపంతా పిల్లల మీదే ఉంది."

"సున్నం కొట్టి ఉంది. మీద ఎర్రరంగుతో ఏదో నంబరు."

ప్రొఫెసర్ భూతద్దం లాక్కున్నంత పని చేశాడు. చూస్తూ చూస్తూ ఆయన మొహం పాలిపోయింది. "సర్వే రాయి. అరవై నాలుగు. అంటే అరవై మూడు రాళ్లు ముందే పాతేశారు. రోడ్డో, ఇంకేదో. వానలు తగ్గగానే మెషిన్లు దిగుతాయి."

"ఆపలేమా?" అంది చిన్నమ్మాయి.

"ఆపొచ్చు," అంది అధికారిణి. ఇప్పుడామె గడియారం చూడటం లేదు. "అక్కడ ఈ పక్షి ఉందని అభ్యంతరం పెట్టాలి. చూసినవాళ్లు రాతపూర్వకంగా ఇవ్వాలి. రాళ్లు పాతిన రోజు నుంచి గడువు సాధారణంగా నెల రోజులు. ఫోటో తీసి ఇప్పటికే మూడు వారాలు దాటింది." ఆమె ఒక తెల్లకాగితమూ, పెన్నూ అమ్మ ముందుకు జరిపింది. "పక్షి పేరు రాయండమ్మా. తేదీ రాయండి. కింద ఊరి పేరు రాయండి, నిజమైనది."

అమ్మ పెన్ను తీసుకుంది. కొంగ పేరు గుండ్రంగా రాసింది. తేదీ రాసింది. మూడో వరుస దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"చిన్నీ," అంది, కాగితం మీంచి తల ఎత్తకుండా, "ఆ ఊరి పేరు ఎవరికీ చెప్పనని మీ నాన్న చేతిలో చెయ్యి వేశానే."